బ్యాటరీల కుండమార్పిడి

నా చొక్కాలన్నింటికీ చిల్లులుండేవి. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ తెలియదు. ఉతికి ఆరేసినప్పుడు తెలుస్తుంది, అక్కడ గుడ్డ లేదని. బావమరిది పెళ్లికి కుట్టించుకున్న చొక్కా వేసుకుని ఒక పూట పనికి వెళ్లొచ్చాక, మా ఆవిడ నాకు మంచి బట్టలు తీయడం మానేసింది. "నీకు గోనెసంచి చాలు" అంది. ఇన్వర్టరు బ్యాటరీల సర్వీసులో ఇరవై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇదే పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, మాకు నాలుగు మంచి మాటలు చెప్పండి" అంటుంటారు. మంచి మాటలు చెప్పే అర్హత నాకు లేదు. చేసిన తప్పు ఒకటి ఉంది, అది చెబుతాను. పనికొస్తే వాడుకోండి, లేకపోతే ముసలాయన సోది అనుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి వేసవులు మీలో చాలామందికి గుర్తుండవు. కర్నూలులో పొద్దున ఉగ్గాని తినడం మొదలుపెడితే బజ్జీ దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయేది. మధ్యాహ్నం వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయేది. ఆ ఎండలకు ఫ్యాను లేకుండా ఇంట్లో కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే. అందుకని కాస్త డబ్బు చేతిలో ఆడే ప్రతి ఇంట్లోనూ ఇన్వర్టరు వెలిసింది, దాని పక్కన నల్లటి బ్యాటరీ కూర్చుంది. అమ్మేవాళ్లు అమ్మి వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చే తిట్లన్నీ మా సర్వీసు సెంటరుకు వచ్చేవి.

కర్నూలు, కడప రెండు జిల్లాలకూ కలిపి మాదొక్కటే కొట్టు. కర్నూలులో పెద్ద గోడౌను, కడపలో చిన్నది. మాలో ముఖ్యమైనవాళ్లం ముగ్గురం. మేనేజరుది పత్తికొండలో వ్యాపారం చేసుకునే కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు గాని, ఫోను మోగితే చాలు గుండె పట్టుకునేవాడు. రెండోవాడు మా మేస్త్రీ. బురుజు పక్క సందులో ఇల్లు, అరవైకి దగ్గరపడిన సాయబు. ఊరంతా ఆయన్ని చాచా అనేది, మేనేజరు కూడా. బ్యాటరీ మూత తీసి లోపల నీళ్ల రంగు చూసి, ఇది బతుకుతుందో లేదో చెప్పేసేవాడు. మీటరు పెట్టి చూసే పని నాది. చాచా ముందే చెప్పిన మాటనే నా మీటరు అరగంట తర్వాత చెప్పేది. నేను మూడోవాణ్ణి. ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్లి, చూసి, మార్చి రావాలి.

మార్చి రావడం అన్నాను కదా, అసలు కథంతా అక్కడే ఉంది. వారంటీలోపు బ్యాటరీ చెడితే వేరేది ఇస్తాం. ఆ వేరేది కొత్తది కాదు. ఇంకొకరి ఇంట్లో చెడి మా దగ్గరికి వచ్చినదాన్ని కడిగి, యాసిడ్ మార్చి, మూడు రోజులు నెమ్మదిగా చార్జి పెట్టి, లోడు మీద పరీక్షించి, కొత్త స్టిక్కరు వేసి ఇచ్చేవాళ్లం. ఇందులో దొంగతనం ఏమీ లేదు. వారంటీ కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉండేది. దాన్ని చదివిన మనిషిని నేను ఇరవై మూడేళ్లలో చూడలేదు. చదివి వినిపించిన ఉద్యోగిని కూడా చూడలేదు, నాతో సహా. "ఇది కొత్తదేనా?" అని అడిగితే మా అందరి నోటా ఒకటే జవాబు: "కొత్తదాని లెక్కే." ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు. నోటికి దానంతటదే వచ్చింది.

ఒకసారి, నేను చేరకముందు, ఒక వకీలు గారింటి బ్యాటరీని బాగుచేసి ఆయన ఎదురింటికే ఇచ్చారట. వకీలు గారు కాఫీకని ఎదురింటికి వెళ్లి, తన బ్యాటరీని గుర్తుపట్టి, అట్నుంచి అటే మా సెంటరుకు వచ్చి, గుమ్మంలో నిలబడి గంటసేపు చట్టం చెప్పారట. అప్పటినుంచి చాచా ఒక ఆచారం పెట్టాడు. కర్నూలు వైపునుంచి వచ్చిన బ్యాటరీకి అడుగున ఎర్ర రంగుతో చుక్క. కడప నుంచి వచ్చినదానికి పచ్చ చుక్క. ఎర్ర చుక్కవి బాగయ్యాక కడపకు పోవాలి, పచ్చ చుక్కవి కర్నూలు జిల్లాలో ఇవ్వాలి. వారానికోసారి చిన్న లారీ ఒకటి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా వచ్చి పచ్చవి దించి ఎర్రవి ఎక్కించుకు పోయేది.

"మన పిల్లను వాళ్లకిస్తాం, వాళ్ల పిల్లను మనం తెచ్చుకుంటాం" అనేవాడు చాచా, చుక్కలు పెడుతూ. "కుండమార్పిడి సంబంధాలప్పా మనవి. పెట్టుపోతల గొడవే లేదు."

ఆ మాటకు మేం రోజూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది. ఆ గోడౌనులో యాసిడ్ వాసన, చాచా టిఫిను డబ్బాలోంచి వచ్చే మెంతికూర వాసన, బయట పంపు కింద బ్యాటరీలు కడిగే నీళ్ల చప్పుడు, ఇవన్నీ కలిసి నా ముప్పై అయిదో ఏటి నుంచి యాభై ఎనిమిదో ఏటి దాకా నాకు రెండో ఇల్లు. అక్కడ ఉన్నంతకాలం విసుక్కున్నాను. వదిలాక తెలిసింది, ఆ చోటును నేను ఎంత ప్రేమించానో.

ఇక అసలు సంగతి. మా కర్నూలు జిల్లాలోనే, డోనులో రైల్వే గేటుకు అవతల ఒక ఇల్లు. ఇంటాయన గూడ్సు బండి గార్డు, డ్యూటీకి వెళితే రెండు రోజులకు గాని తిరిగిరాడు. ఇంట్లో ఆయన భార్య, ఆయన తల్లి. తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ముందు గదిలో మంచం మీద గాలి పరుపు వేసి ఆమెను పడుకోబెట్టారు. ఆ పరుపులో వరసగా గొట్టాలుంటాయి. చిన్న పంపు ఒకటి గుయ్యిమంటూ, ఒక వరసకు గాలి ఎక్కించి ఇంకో వరసకు దించుతూ ఉంటుంది. పడుకున్న మనిషి వీపు ఒకేచోట ఒరుసుకోకుండా అదే మార్చుతుంది. పంపు ఆగితే పరుపు చదునైపోతుంది. మంచంలో ఉన్నవాళ్లకు పుండ్లు పడేది అట్లాగే. ఆ పంపు కోసం, నెత్తి మీద ఫ్యాను కోసం వాళ్లు ఇన్వర్టరు పెట్టుకున్నారు.

ఫిబ్రవరిలో ఆ ఇంటినుంచి ఫిర్యాదు వచ్చింది. బ్యాటరీ అరగంటకు మించి నిలవడం లేదు. కొని ఏడాది కూడా కాలేదు. నేను వెళ్లాను. బ్యాటరీ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. ఎండలు వస్తున్నాయి కదా అనుకున్నాను. ఇన్వర్టరు ఎవరో ఊళ్లో బిగించి అమ్మినది, మాది కాదు. మాది కానిదాని మూత మేం తీయం. అది మాకు పట్టింపు. ఇన్వర్టరువాడు బ్యాటరీని తిడతాడు, బ్యాటరీవాడు ఇన్వర్టరును తిడతాడు, అంతటితో ఇద్దరి పనీ అయిపోతుంది. బ్యాటరీ పక్కన ఎర్రగా ఏవో గీతలు కనిపించాయి. ఎవరో పిల్లలు గీసి ఉంటారనుకున్నాను.

మంచం మీదినుంచి పెద్దావిడ నన్ను చూస్తోంది. మాట కాస్త ముద్దగా వచ్చేది గాని, నాలుక పదును తగ్గలేదు.

"ఏమప్పా, అది కూడా నా మాదిరే పడిపోయిందా?" అంది.

"దాన్ని లేపుతాంలే అవ్వా" అన్నాను.

"నన్ను కూడా అట్లనే అన్నారు ఆస్పత్రిలో."

కోడలు నలభైలోపు మనిషి. పైట చెంగు నడుముకు దోపుకుని, ఒకచేత్తో అత్త తల కింద దిండు సర్దుతూనే నాతో మాట్లాడింది. "అన్నా, దీన్నే బాగుచేసి ఇయ్యగూడదా? నేను మంచిగ చూసుకుంటాండా దీన్ని. యాడ తప్పు జరిగిందో నాకు అర్థం కాలేదు."

"వద్దమ్మా, కంపెనీ వేరేది ఇస్తుంది. అదే మీకు మంచిది."

"కొత్తదేనా?"

"కొత్తదాని లెక్కే" అన్నాను.

కడప నుంచి వచ్చిన పచ్చ చుక్క బ్యాటరీ పెట్టి, ఆమెది తీసుకుని కర్నూలు వచ్చాను. చాచా దానికి ఎర్ర చుక్క పెట్టాడు. బాగుచేసే వరసలో అది చివర చేరింది. దాని వంతు వచ్చేసరికి ఏప్రిల్ ఆఖరైంది. కడిగినా ఆ ఎర్ర గీతలు పోలేదు. పక్కలకు నల్ల రంగు పూసి, దాని మీద స్టిక్కరు వేశాను. ఆ పని నా చేత్తోనే చేశాను, ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు. అప్పటికి అది ఎవరి ఇంటినుంచి వచ్చిందో కూడా నాకు గుర్తు లేదు. గోడౌను నిండా నల్లటి పెట్టెలే కదా, అన్నింటిదీ ఒకటే ముఖం.

మే నెల వచ్చింది. ఆ ఏడు ఎండలు చెప్పనలవి కావు. డోనునుంచి ఫోను. మేం పెట్టిన బ్యాటరీ కూడా దిగిపోయింది. మొదటిరోజు ఆమె మామూలుగానే చెప్పింది. రెండోరోజు, "అన్నా, పంపు నిలిచిపోతాండాది, గంటకొకసారి నేనే అత్తను పక్కకు తిప్పుతాండా" అంది. మూడోరోజు, "వీపు ఎర్రగా కమిలింది అన్నా, ఈ పొద్దన్నా వస్తారా?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది, నేనూ విసుక్కుని ఫోను పెట్టేసేవాణ్ణి.

పంపడానికి పచ్చ చుక్కది ఒక్కటీ లేదు. కడప లారీ ఆళ్లగడ్డ దగ్గర యాక్సిలు విరిగి పడి ఉంది, వారం దాకా రాదన్నారు. చాచా కూతురి కాన్పు కోసం నంద్యాల వెళ్లాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. గోడౌనులో ఉన్నవన్నీ ఎర్ర చుక్కవి. అవి కర్నూలు జిల్లాలో ఎవరికీ ఇవ్వకూడదు. వాటిలో ఒకటి లోడు మీద అన్నింటికన్నా బాగా నిలిచింది. రిజిస్టరు తిరగేస్తే అది ఎక్కడిదో తెలిసేది. తిరగేయలేదు. చాచా రంగు డబ్బా తీసి, ఆయన ఎర్ర చుక్క మీద పచ్చ చుక్క పెట్టాను.

"చుక్క చూసినావా?" అన్నాడు మేనేజరు, ఫోను చెవి దగ్గర పెట్టుకునే.

"పచ్చదే సార్" అన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా, మేనేజరెంత.

ఆ మధ్యాహ్నమే జీపులో వేసుకుని డోను వెళ్లి బిగించాను. పంపు గుయ్యిమంది. పరుపు మెల్లగా లేచింది. పెద్దావిడ కళ్లు మూసుకుని, "అబ్బ" అంది. ఆ అబ్బ విని నేను చేసింది తప్పు కాదు, పుణ్యమే అనుకున్నాను. వస్తూ వస్తూ దారిలో చెరుకురసం కూడా తాగాను. మనిషి తప్పు చేసి తృప్తిగా ఉండడం ఎంత సులువో చూడండి.

పదిరోజులకు మళ్లీ ఫోను. "బ్యాటరీ బాగనే ఉండాది అన్నా. మీరొక్కరే ఒకసారి రండి" అంది. అంతే చెప్పింది. మరుసటి పొద్దున ప్యాసింజరు బండి ఎక్కి డోనులో దిగాను.

ఇంట్లోకి వెళ్లేసరికి బ్యాటరీని గోడ దగ్గరినుంచి కాస్త ముందుకు జరిపి పెట్టింది. యాసిడ్ ఆవిరికి స్టిక్కరు ఒక మూల లేచిందట. ఆమెకు శుభ్రం పిచ్చి. లేచిన మూల పీకేసి, జిగురు పోవాలని కిరసనాయిలు గుడ్డతో తుడిచిందట. స్టిక్కరుతో పాటు నా నల్ల రంగు కూడా వచ్చేసింది. దాని కింద ఎర్రటి అంకెలు, ఒకదాని కింద ఒకటి, బడి పుస్తకంలో రాసినంత వరసగా. గోళ్ల రంగుతో రాసిన తేదీలు.

"ఇది నా చేతిరాత అన్నా" అంది. "నీళ్లు పోసిన దినమల్లా రాసి పెట్టుకుంటి, మరిచిపోకుండా. ఇది నా బ్యాటరీ."

నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో ఇప్పటికీ తెలియదు. బహుశా కొత్తదాని లెక్కే అనబోయి ఉంటాను.

"నేను ఆ పొద్దే అడిగితి, దీన్నే బాగుచేసి ఇయ్యమని. మీరు వద్దంటిరి. ఎవురిదో రోగమొచ్చినదాన్ని తెచ్చి నాకు పెడితిరి. నాదాన్ని మూడు నెలలు మీ దగ్గర పెట్టుకుంటిరి. మా అత్తకు బాగలేదని ఆమెను యాడనో ఇచ్చి, ఇంకో అత్తను తెచ్చుకుంటామా అన్నా?"

మంచం మీదినుంచి పెద్దావిడ అంది: "తెచ్చుకో పాప, ఆమన్నా నడుస్తాదేమో."

కోడలు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పెద్దావిడ మాత్రం తన మాటకు తనే కాస్త నవ్వుకుంది. తర్వాత కోడలు ఆమెను మెల్లగా ఎడమ పక్కకు తిప్పి, "రాండి, చూడండి" అని నన్ను పిలిచింది. నేను దగ్గరికి వెళ్లాను. నడుము కింద ఎముక దగ్గర అరచేతిలో సగమంత పుండు. మందు వేసి, గుడ్డ పెట్టి, శుభ్రంగా ఉంచింది. అయినా పుండు పుండే. పంపు ఆగిన ఆ మూడు నాలుగు రోజుల్లో పడింది అది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో వచ్చిన నీళ్లు అవి, జాలితో కాదు. జాలి అయితే కాస్త గౌరవంగా ఉండేది. నేను అక్కడినుంచి పక్కకు వచ్చి, ఏం చేయాలో తోచక, బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుని ఆ తేదీలు చదవడం మొదలుపెట్టాను. ఊరికే చదివాను. నాలుగైదు చదివాక ఆగిపోయాను.

ప్రతి రెండు తేదీలకూ మధ్య మూడు వారాలు. ఒక్కోచోట రెండు వారాలే. మంచి బ్యాటరీకి మూడు నాలుగు నెలలకొకసారి నీళ్లు పోస్తే చాలు. మూడు వారాలకే నీళ్లు తగ్గాయంటే లోపల నీళ్లు ఉడుకుతున్నాయని అర్థం. ఉడుకుతున్నాయంటే ఇన్వర్టరు దానికి అవసరానికి మించి చార్జి ఎక్కిస్తోందని అర్థం. ఫిబ్రవరిలో నా చేతికి తగిలిన వేడి ఎండ వేడి కాదు. ఈ బ్యాటరీ చెడింది, ఆ తర్వాత కడపది చెడింది, మళ్లీ పెట్టిన ఇది కూడా ఇంకో రెండు నెలలకు చెడేది. రోగం ఏమిటో ఆమె తన చేత్తో రాసి పెట్టింది. దాన్ని నేను చదవకుండా నల్ల రంగు పూశాను.

ఆరోజు మొదటిసారి మాది కాని ఇన్వర్టరు మూత తీశాను. మీటరు పెడితే ముల్లు ఉండాల్సిన చోటు దాటి చాలా ముందుకు పోయింది. లోపల బఠాణీ గింజంత స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని పావు వంతు వెనక్కి తిప్పాను. మళ్లీ చూశాను. ఇంకాస్త తిప్పాను. ముల్లు వచ్చి నిలబడాల్సిన చోట నిలబడింది. అంతా కలిపి పది నిమిషాల పని.

"ఏం చేసినారన్నా?" అంది కోడలు.

చెప్పాను. రంగు పూసిన సంగతి, చుక్క మార్చిన సంగతి, కర్నూలువి కడపకు, కడపవి కర్నూలుకు పోయే సంగతి, అన్నీ చెప్పాను. ఆమె చివర్లో, "నేను రాసిండేది మీకు పనికొచ్చిందా?" అని అడిగింది.

"ముందే చదివి ఉంటే అవ్వకు పుండు పడేది కాదమ్మా" అన్నాను.

ఆమె తల పక్కకు తిప్పుకుంది. పెద్దావిడ మంచం మీదినుంచి, "పోనీలేప్పా, ఇప్పుడన్నా సదివినావు" అంది. పెద్దవాళ్లు తిట్టకపోతే పడే దెబ్బ వేరుగా ఉంటుంది. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని నాకు నేనే బుద్ధి చెప్పుకుంటూ వచ్చాను. చెరుకురసం గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

చాచా నంద్యాలనుంచి మనవరాలు పుట్టిన సంతోషంతో, మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఆయనకు అన్నీ చెప్పాను. మిఠాయి నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు.

"నా చుక్క మీద చుక్క పెడితివా బేటా?" అన్నాడు. పుండు సంగతికన్నా ముందు ఆయనకు అదే తగిలింది. చేతిపని మనిషికి తన గుర్తే పరువు. నేను తల వంచుకున్నాను. తర్వాత ఆయనే అన్నాడు: "నీది ఒక్కదినం తప్పు. నాది శానా ఏండ్ల తప్పు. మొగుని ఇంట్లో పిల్ల ఎందుకు చిక్కిపోతాండాదో అడక్కుండా, ఇంకో ఊరికి మారుస్తా ఉంటి నేను. వకీలు తిట్టినాడని భయపడితి."

మేనేజరు ఒప్పుకోలేదు. "నిజం చెప్తే ఎవరు తీసుకుంటారప్పా? నా గుండె ఆగిపోతాది" అన్నాడు. చాచా ఆయన్ని కూర్చోబెట్టి, మిఠాయి చేతిలో పెట్టి, "నీ గుండె ఏం ఆగదు, అది కొత్తదాని లెక్కే" అన్నాడు. మేనేజరుకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఆ మిఠాయి తింటూనే సగం ఒప్పుకున్నాడు.

సగమే. ఆనాటినుంచి ఎక్కడి బ్యాటరీ బాగైతే అక్కడికే పంపేవాళ్లం. అంతదాకా వాడుకోమని వేరేది ఇచ్చి, మళ్లీ తెచ్చుకునేవాళ్లం. ఎవరిదైనా సరే, ఇన్వర్టరు మూత తీసి చూడందే ఇల్లు కదిలేవాళ్లం కాదు. చాచా రంగు డబ్బాలు రెండూ గోడౌను తలుపుకు వేయించాడు. తలుపు ఒక రెక్క ఎరుపు, ఒక రెక్క పచ్చ, చూడ్డానికి సర్కసు డేరాలా ఉండేది. కానీ ఎంత బాగుచేసినా బతకనివి కొన్ని ఉంటాయి కదా, వాటి బదులు ఇంకొకరిది ఇవ్వక తప్పదు. అప్పుడు మాత్రం అడిగినవాళ్లకు నిజం చెప్పేవాళ్లం. అడగనివాళ్లకు మేమై చెప్పేవాళ్లం కాదు. మేనేజరు ఒప్పుకోని సగం అదే. నిజం చెప్పాలంటే నాకూ ఆ సగమే హాయిగా ఉండేది.

డోనునుంచి ఆ అక్టోబరులో ఒక ఫోను వచ్చింది. "అన్నా, నీళ్లు తగ్గనే లేదు, ఏమన్నా చెడిందా?" అని. చెడలేదమ్మా, బాగుపడింది అన్నాను. అత్త పుండు మానిందని కూడా చెప్పింది. మానడానికి వర్షాకాలమంతా పట్టిందట. ఆ తర్వాత ఆ వైపు ఎప్పుడు పని పడినా వెళ్లి మజ్జిగ తాగి వచ్చేవాణ్ణి. పెద్దావిడ నన్ను ప్రతిసారీ, "ఏమప్పా, ఈసారి ఎవురింటి అత్తను తెచ్చినావు?" అని పలకరించేది.

రెండేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున కోడలు ఫోను చేసింది. అత్త పోయి పదిహేను రోజులైందని, కర్మకాండ అంతా అయిపోయిందని చెప్పింది. చివరి దాకా వీపు మీద మళ్లీ పుండు పడలేదని చెప్పింది. ఆ మాట ఆమె రెండుసార్లు అంది. నేను ఏం ఓదార్చాలా అని వెతుక్కుంటుంటే, ఆమే మాట మార్చింది.

"బ్యాటరీ ఇంకా బాగనే ఉండాది అన్నా. మాకింక అంత అవసరం లేదు. పరుపు, పంపు కూడా ఇస్తా. మంచంలో ఉండే మనిషి ఎవురింట్లో అన్నా ఉంటే తీసకపోయి ఇయ్యండి." ఒక్క క్షణం ఆగి, "కొత్తదాని లెక్కని చెప్పొద్దు. పాతదని చెప్పి ఇయ్యండి" అంది.

కడపలో ఒక రిటైరైన బడిపంతులు తన ఇన్వర్టరు బ్యాటరీ నిలవడం లేదని మా కడప గోడౌనుకు అప్పుడప్పుడు వచ్చేవాడు. ఆయన భార్య జారిపడి, తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. బ్యాటరీ, పరుపు, పంపు జీపులో వేసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఇంట్లోనుంచి ఆవిడ మూలుగు వినిపిస్తోంది. పంతులుగారు కంగారుగా బయటికి వచ్చి, దేన్ని ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటున్నాడు. కొత్తదా పాతదా అని ఆయన అడగలేదు. అడిగే స్థితిలో లేడు.

"ఇది పాతది సార్" అన్నాను. అడగకముందు ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదటిసారి. "డోనులో ఒకామె దీన్ని పెట్టుకుని తన అత్తను చూసుకుంది."

పంతులుగారు బ్యాటరీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఎన్నాళ్లు చూసుకుందప్పా?" అన్నాడు.

"పోయేదాకా సార్."

ఆయన చేతికర్ర గోడకు ఆనించి, వంగి, బ్యాటరీకి ఒక వైపు పిడి పట్టుకున్నాడు. రెండో వైపు నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లోపలికి మోశాం.